కామిక్ పుస్తకానికి గ్రేడింగ్: పంపడం, కొనడం, వానాకాలం గట్టెక్కించడం

హనుమకొండలో మా ఇంటికి వచ్చినవాళ్లు బీరువాలో వరసగా నిలబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలను చూసి మూడు ప్రశ్నలు అడుగుతారు. మా పాత కామిక్స్‌కు కూడా ఇలా నంబరు వేయించవచ్చా? ఎంతవుతుంది? చదవడానికి వీల్లేకుండా పుస్తకాన్ని ఎందుకిలా బిగించారు? మూడో ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. మొదటి రెండూ ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి, మొత్తం పనిని ఇక్కడ ఒక వరసలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పుస్తకం ఏ స్థితిలో ఉందో అమెరికాలోని ఒక సంస్థ పరిశీలించి నంబరు వేయడాన్ని గ్రేడింగ్ అంటారు, ఆ నంబరే గ్రేడు. గ్రేడింగ్ అయిన పుస్తకాన్ని బిగించే గట్టి ప్లాస్టిక్ డబ్బాను సేకరించేవాళ్లు స్లాబ్ అంటారు. నా మొదటి పార్సిల్ అందినప్పుడు ‘స్లాబ్ వచ్చింది’ అని ఫోనులో చెబితే, మేస్త్రీతో ఎప్పుడు మాట్లాడావని మా నాన్న అడిగారు. ఇక్కడ స్లాబ్ అంటే ఆ డబ్బానే.

1. ముందు లెక్క వేయండి

పుస్తకాన్ని ముట్టుకోకముందే కాగితం, పెన్ను తీసుకోండి. ఖర్చు చాలా ముక్కలుగా వస్తుంది:

- గ్రేడింగ్ రుసుము. పుస్తకం ఎంత పాతది, దాని మార్కెట్ విలువ ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది.
- సంస్థకు నేరుగా పంపేటట్టయితే సభ్యత్వ రుసుము.
- అమెరికాకు కొరియర్ ఛార్జీ, దారిలో బీమా.
- తిరుగు రవాణా. ఇదీ డాలర్లలోనే, మీ జేబులోంచే.
- వెనక్కి వచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకం.

ఒక్క పుస్తకమే పంపితే రవాణా ఖర్చే దాన్ని మింగేస్తుంది. నలుగురు కలిసి పది పదిహేను పుస్తకాలు ఒకే పార్సిల్‌లో పంపితే తలా కొంత భారం తగ్గుతుంది.

తర్వాత, అదే సంచిక అదే గ్రేడులో ఎంతకు అమ్ముడుపోయిందో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల వెబ్‌సైటులో చూడండి. ఎంతకు అమ్మకానికి పెట్టారన్నది పక్కన పెట్టండి. నోటికొచ్చిన ధర ఎవరైనా అడుగుతారు. అమ్ముడైన ధర నా మొత్తం ఖర్చుకు రెండింతలు లేకపోతే డబ్బు కోసం నేను పంపను. ఈ జల్లెడ పడితే మన ఇళ్లలో ఉండే పాత కామిక్స్‌లో నూటికి తొంభై ఇక్కడే ఆగిపోతాయి. చిన్నప్పుడు అన్నయ్య కొనిచ్చిన పుస్తకం లాంటిదైతే మోజు కొద్దీ పంపుతాను, కానీ దానికి పెట్టుబడి అని పేరు పెట్టను.

2. లేబుల్ చదవడం నేర్చుకోండి

ఈ పనిలో ఎక్కువగా వినిపించే పేరు సీజీసీ. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది, 2000లో మొదలైంది. సీబీసీఎస్ అనే మరో సంస్థ కూడా ఉంది. గ్రేడు 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. మొత్తం 25 మెట్లు. కింది మెట్ల మధ్య దూరం ఎక్కువ, 9 దాటాక బాగా దగ్గర: 9.0, 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10. కొత్త కామిక్స్‌లో 9.6కూ 9.8కూ మధ్య కంటికి కనిపించే తేడా ఆవగింజంత. ధరలో తేడా మాత్రం చాలాసార్లు రెట్టింపు.

నంబరు కన్నా ముందు లేబుల్ రంగు చూడండి. సీజీసీ పద్ధతిలో:

- నీలం: మామూలు పుస్తకం, ఎవరూ మరమ్మతు చేయలేదు.
- పసుపు: సంస్థ ప్రతినిధి ఎదుట రచయితో చిత్రకారుడో సంతకం చేసినది.
- ఆకుపచ్చ: ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని విడిగా పేర్కొని, మిగతా పుస్తకానికి గ్రేడు ఇచ్చారు.
- ఊదా: మరమ్మతు జరిగింది. ధర ఒక్కసారిగా పడిపోతుంది.

కాగితం రంగు కూడా లేబుల్ మీదే ఉంటుంది: తెలుపు, తెలుపుకు దగ్గర, మీగడ రంగు, చివరికి ముట్టుకుంటే పొడి రాలే స్థితి. ఒకే గ్రేడున్న రెండు కాపీల్లో తెల్ల కాగితం ఉన్నదాన్నే తీసుకోండి.

3. బల్ల మీద పరిశీలన

అసలు పని ఇది. ఇక్కడ గంట ఖర్చు పెడితే తర్వాత వేల రూపాయలు మిగులుతాయి.

పగటి వెలుతురు కావాలి. ఉదయం పదింటికి కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద ఉతికిన తెల్లపంచె పరవండి. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. గుడ్డ తొడుగులు వద్దు. వాటితో పేజీ అంచు వేలికి తెలియదు, మూల చిరుగుతుంది. ఫ్యాను ఆపేయండి. ఇది చాలామంది మరిచిపోతారు.

వరస ఇలా:

- అట్ట: ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. నిటారు వెలుగులో కనిపించని నొక్కులు, వేలి గుంటలు బయటపడతాయి. మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత కనిపిస్తే ఆ లోపం పోదు. రంగు పగలని నొక్కు పోయే అవకాశం ఉంది.
- వెన్ను: పిన్నుల చుట్టూ సన్నని అడ్డగీతలు లెక్కపెట్టండి. కొత్త పుస్తకంలో రంగు పగిలిన గీతలు రెండు మూడు ఉన్నా 9.8 ఆశ వదులుకోవచ్చు.
- పిన్నులు: తుప్పు పిన్ను మీదే ఉందా, కాగితంలోకి దిగిందా? పిన్ను మెరుస్తూ, దాని చుట్టూ రంధ్రం వదులుగా ఉంటే ఎవరో మార్చారు.
- నడిమి పేజీలు: పిన్నులకు పట్టుకునే ఉన్నాయా?
- పేజీల లెక్క: మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటీ తిప్పండి. కత్తిరించిన కూపన్లు, పూర్తిచేసిన గళ్లనుడికట్లు ఇక్కడే దొరుకుతాయి.
- అంచులు: మూడు వైపులా కొలవండి. బైండింగు షాపులో అంచు కోయించిన పుస్తకానికి ఊదా లేబుల్ తప్పదు.

కూపన్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 1974లో మార్వెల్ సంస్థ ఉత్తరాల పేజీలో కత్తిరించుకొని అతికించుకునే స్టాంపు వేయడం మొదలుపెట్టింది. పిల్లలు పాపం కత్తిరించుకున్నారు. వుల్వరిన్ అనే హీరో తొలిసారి పూర్తిస్థాయిలో కనిపించే ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచికలోనూ ఆ స్టాంపు ఉంది. అట్ట అద్దంలా ఉన్నా లోపల స్టాంపు లేకపోతే ధర పాతాళానికే. అమ్మేవాళ్లు పెట్టిన ఫొటోల్లో ఆ పేజీ లేకపోతే అడిగి తెప్పించుకోండి. పంపకపోతే కొనకండి.

మన దగ్గరి పుస్తకాలకు మన లోపాలు వేరే ఉంటాయి. అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చిన ఇంద్రజాల్ కామిక్స్ సంచిక ఒకటి నా దగ్గరుంది. వెన్నుకు ఖాకీ కాగితం అతికించారు. అసలు పిన్నులు రెండైతే, అట్టకు అడ్డంగా ఇంకో మూడు కొట్టారు. షాపు రబ్బరు ముద్ర సరిగ్గా హీరో ఫాంటమ్ గుండెల మీద పడింది. లోపల ఎవరో పిల్లవాడు ప్రతి విలనుకూ నీలం పెన్నుతో మీసాలు పెట్టాడు, ఒక్కరినీ వదల్లేదు. గ్రేడింగ్ బల్ల మీద అది 2.0 దాటడం కష్టం. దాన్ని నేను పంపలేదు, పంపను. మీసాలు మాత్రం అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. ఆదివారం పాత పుస్తకాల గుట్టలో దొరికిన ఒక అమెరికా కామిక్‌ను నల్లని అట్ట చూసి ముచ్చటపడి పంపాను. ఊదా లేబుల్‌తో తిరిగొచ్చింది. వెన్ను మీది తెల్లగీతలను ఎవరో నల్ల స్కెచ్ పెన్నుతో కప్పేశారు. నేను అట్ట పైవైపే చూశాను. లోపలివైపు చూసి ఉంటే కాగితం వెనక్కి ఇంకిన సిరా చుక్కలు కనిపించేవి. అప్పటి నుంచి నల్ల అట్టలన్నింటినీ లోపలి నుంచే మొదలుపెడతాను.

4. మన కామిక్స్ అయితే ముద్రణ తేల్చుకోండి

పాతది వేరు, మొదటి ముద్రణ వేరు. అమర్ చిత్ర కథ పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. అట్ట మీది ధర, వెనక అట్ట మీది పుస్తకాల జాబితా, లోపలి ముద్రణ వివరాలు, ఈ మూడింటినీ కలిపి చూడాలి. జాబితాలో ఆ తర్వాతెప్పుడో వచ్చిన పుస్తకాల పేర్లు ఉంటే అది పునర్ముద్రణే.

‘కృష్ణ’ ఒకటో సంఖ్య అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. దాని సంఖ్య 11. అంతకు ముందరి పది సంఖ్యలు విదేశీ జానపద కథలవి.

ఇంద్రజాల్ వరుస 1964 మార్చిలో మొదలై 1990లో ఆగింది. ఆ తర్వాతి తేదీ చూపించి అదే పేరుతో అమ్మేది పాత సంచిక కాదు. భారతీయ కామిక్స్ పంపేముందు సంస్థకు అట్ట ఫొటోతో రాసి, తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

5. మీ చేత్తో చేయకూడనివి

- సెల్లోటేపు, ఫెవికాల్, పెన్ను, రంగు పెన్సిలు: దేనితోనూ సరిచేయవద్దు. రంగు పూత, అతుకు, కొత్త కాగితం కలపడం, ఇవన్నీ మరమ్మతు కిందికే వస్తాయి.
- పాత టేపును పీకవద్దు. దానితోపాటు అట్ట మీది రంగూ లేచొస్తుంది.
- తడిసిన పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టవద్దు. నీడలో, పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, గంటకోసారి మార్చండి.
- ఇస్త్రీ పెట్టె. దయచేసి వద్దు.

చివరిది నేను చేశాను. పైన పలుచని గుడ్డ వేసి, వేడి తగ్గించి, పది సెకన్లే. నొక్కు పోలేదు సరికదా, లోపలి పిన్నుల అచ్చు అట్ట మీద పొంగింది, ఒక పక్క పెళ్లిపట్టు చీరలా మెరుపు తేలింది. నొక్కులు పోగొట్టే పనిని ప్రెస్సింగ్ అంటారు. తేమ, వేడి, బరువు కొలిచి వాడతారు. చేయించుకోవాలంటే గ్రేడింగ్‌కు ముందు చేయించాలి, అది తెలిసినవాళ్ల చేతే. మామూలు ప్రెస్సింగ్‌ను మరమ్మతుగా లెక్కించరు.

6. ప్యాకింగ్, పంపడం

ఒక్కో పుస్తకాన్ని పాలీప్రొపిలిన్ లేదా మైలార్ రకం ప్లాస్టిక్ కవరులో, వెనక ఆమ్లం లేని తెల్ల అట్టముక్కతో పెట్టండి. కిరాణా షాపు కవర్లు, మందమైన పీవీసీ కవర్లు వద్దు. అవి కాలం గడిచేకొద్దీ జిగురు వదులుతాయి. కవరు మూతకు టేపు వేస్తే చివర చిన్న మడత పెట్టండి, తెరిచేవాళ్లు సులభంగా లాగగలుగుతారు. టేపు అంచు పుస్తకానికి తగిలి అట్ట చిరిగిన సంగతులు చాలా విన్నాను.

ఐదేసి పుస్తకాల కట్టను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి రబ్బరు బ్యాండు లేకుండా చుట్టండి. చుట్టూ బబుల్ రాప్, చిన్న పెట్టె, దాని చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీలో నింపుడు, బయట పెద్ద పెట్టె. ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే మళ్లీ విప్పండి.

వరంగల్‌లోనూ కొరియర్ తీసుకుంటారు. అయినా నేను కాజీపేటలో రైలెక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకొని హైదరాబాద్ వెళ్లి అంతర్జాతీయ కౌంటరులో నా చేత్తో ఇచ్చి వస్తాను. చాదస్తమే. మధ్యలో రెండు చేతులు తగ్గుతాయి కదా.

పెట్టె మూసేముందు:

- ప్రతి పుస్తకానికీ ముందు, వెనక అట్టల ఫొటోలు, నాలుగు మూలలు దగ్గరగా.
- సంస్థ ఫారం ఒక ప్రతి లోపల, ఒకటి మీ దగ్గర.
- జాబితా: పేరు, సంచిక సంఖ్య, ఏడాది, విలువ.
- ఇన్వాయిస్ మీద ‘పాత ముద్రిత కామిక్ పుస్తకాలు, గ్రేడింగ్ తర్వాత తిరిగి వస్తాయి’ అని స్పష్టంగా.
- మీ గుర్తింపు పత్రాలు.
- బీమా కాగితంలో సేకరణ వస్తువులను మినహాయించారేమో చదవండి. చాలాచోట్ల మినహాయిస్తారు.

పంపినట్టు రుజువు చేసే కాగితాలను ప్రాణంలా దాచుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు, ఇవి ఇక్కడి నుంచి వెళ్లిన మా పుస్తకాలేనని చూపించడానికి అవే ఆధారం. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. ప్లాస్టిక్ డబ్బాలో బిగించినది పుస్తకమా, ఇంకేదైనా వస్తువా అనే చర్చ కూడా రావచ్చు. అందుకే ఏ వర్గం కింద రాయాలో కొరియర్ వాళ్లతో ముందే తేల్చుకోండి. రెండు వైపులా నిబంధనలు తరచూ మారుతుంటాయి, పోయినసారి కాగితాన్ని చూసి నింపవద్దు.

తర్వాత ఎదురుచూడటమే. నెలలు పడుతుంది.

7. తిరిగి వచ్చిన రోజు

పెట్టె విప్పడాన్ని ఒకరిని ఫోనులో వీడియో తీయమనండి. స్లాబ్ నాలుగు మూలలు, కలిసే అంచులు చూడండి. లేబుల్ మీది పేరు, సంచిక, ఏడాది సరిగ్గా ఉన్నాయా? తప్పుంటే వెంటనే రాయాలి.

ప్లాస్టిక్ మీద నీళ్లలో పెట్రోలు తేలినట్టు రంగురంగుల వలయాలు కనిపిస్తే కంగారు వద్దు. రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుంటే అలా కనిపిస్తుంది, పుస్తకానికి ఏమీ కాదు. కంగారు పడాల్సింది లోపల పుస్తకం కదులుతుంటే. దారిలో స్లాబ్ కింద పడితే అట్ట డబ్బా లోపలి ప్లాస్టిక్ అరకు కొట్టుకొని, వెన్ను చివర నలుగుతుంది. లేబుల్ మీద 9.6 అనే ఉంటుంది, పుస్తకం మాత్రం ఇక 9.6 కాదు. మూసే ముందు తీసిన మూలల ఫొటోలు పనికొచ్చేది ఈ రోజునే.

మీరు 9.4 అనుకున్నది 8.5 వస్తుంది. దాదాపు అందరికీ ఇంతే. మన పుస్తకాన్ని మనం తల్లి కళ్లతో చూస్తాం. మళ్లీ పంపితే పెరుగుతుందా అని అడుగుతారు. గ్రేడు మనుషులు ఇచ్చేదే కాబట్టి ఒక మెట్టు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఖర్చు మాత్రం తప్పకుండా రెండోసారి అవుతుంది.

8. గ్రేడింగ్ అయినదాన్నే కొనేటట్టయితే

చాలామందికి నేను ఇదే చెబుతాను. కావలసిన పుస్తకం ఒకటో రెండో అయితే, పంపే తంటా కన్నా స్లాబ్ కొనడమే చౌక.

- లేబుల్ మీది ధ్రువీకరణ సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూడండి. పేరు, గ్రేడు, లేబుల్ రంగు మూడూ కలవాలి.
- సంఖ్య కలిస్తే సరిపోదు. స్లాబ్‌ను తెరిచి, తక్కువ స్థితి కాపీని పెట్టి మళ్లీ మూసిన మోసాలు బయటపడ్డాయి. అంచుల్లో తెల్లబారిన పగుళ్లు, గీరిన గుర్తులు ఉంటే వదిలేయండి.
- గ్రేడును మూసి ఉంచి పుస్తకాన్ని చూడండి. 8.0 ఉన్న రెండు కాపీల్లో ఒకదానికి లోపం వెనక అట్ట మీద, మరొకదానికి సరిగ్గా హీరో ముఖం మీద ఉండవచ్చు.
- ఆ సంచికకు ఏ గ్రేడులో ఎన్ని కాపీలు నమోదయ్యాయో సంస్థ గణన చూపిస్తుంది. వందల కొద్దీ 9.8లు ఉన్న కొత్త పుస్తకానికి అరుదైనదన్న ధర కట్టవద్దు.

9. మన వాతావరణంలో దాచడం

స్లాబ్‌లో గాలి చొరబడదని అనుకోవద్దు. తేమ నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. కాగితానికి తేమ 50 శాతం అటూ ఇటూగా, నిలకడగా ఉండాలి. వరంగల్‌లో మే నెలలో ఎండ మాడ్చేస్తుంది, జూలైలో గోడలు చెమర్చుతాయి. తేమ కొలిచే హైగ్రోమీటరు ఒకటి కొని బీరువాలో పెట్టండి. తేమ 60 దాటితే, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చే సమయం.

అందరూ వానను తిడతారు గానీ, నా పుస్తకాలకు అసలు శత్రువు వేసవిలో కూలరు. నీళ్ల కూలరు నడిచే గదిలో తేమ రాత్రికి రాత్రే పెరుగుతుంది. పుస్తకాల బీరువా ఉన్న గదిలో కూలరు పెట్టడం మా ఇంట్లో మానేశాం. ఆ గదిలో పడుకునే మా అబ్బాయికి ఇది ఇంకా నచ్చలేదు.

- ఇనుప బీరువా, బయటి గోడకు జానెడు ఎడంగా.
- కింది అరలో ఏమీ వద్దు. 2023 జూలైలో ఇక్కడి కాలనీలు నీట మునిగినప్పుడు మోకాలెత్తు దాకా ఉన్న వస్తువులన్నీ పోయాయి.
- స్లాబులను పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే ప్లాస్టిక్ గీరుకుపోతుంది.
- డాంబర్ గోలీలు వద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వాసన కాగితానికి పడుతుంది.
- గోడకు తగిలించాలనిపిస్తే కిటికీ వెలుగు పడని గోడ చూడండి. ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి.
- జూన్ మొదటి వారంలో, అక్టోబరులో ఒకసారి అన్నీ బయటికి తీసి, పిన్నుల దగ్గర గోధుమరంగు మచ్చ మొదలైందేమో చూడండి. పురుగు కనిపిస్తే ఆ అర మొత్తం ఖాళీ చేయండి.

10. స్లాబ్ పగలగొట్టాలనిపిస్తే

అదీ ఒక పనే. పద్ధతి ఉంది. పగలగొడితే గ్రేడు రద్దయినట్టే, ముందే మనసు గట్టి చేసుకోండి.

బయటి డబ్బా పై మూలలో, రెండు ముక్కలు కలిసేచోట చదును స్క్రూడ్రైవరు మొన పెట్టి మెల్లగా తిప్పండి. టక్కుమని విడుతుంది. రెండో మూల కూడా. అక్కడి నుంచి స్క్రూడ్రైవరు లోపలికి పోనివ్వకుండా చేతులతో విప్పండి. ప్లాస్టిక్ ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి. లోపల మెత్తని పారదర్శక అర ఉంటుంది. దాని పై అంచును కత్తెరతో, పుస్తకానికి దూరంగా, సన్నగా కోయండి. పుస్తకాన్ని లాగకండి. అరను తెరిచి పట్టుకొని, బల్ల మీదికి జారనివ్వండి. లేబుల్ సంస్థకు తిరిగి పంపితే గణనలోంచి ఆ కాపీని తీసేస్తారు.

ఊదా లేబుల్ వచ్చిన ఆ నల్ల అట్ట పుస్తకాన్ని నేను అలాగే తీశాను. పాత న్యూస్‌ప్రింట్ వాసన వచ్చింది. మధ్య పేజీలో ఒక ఎర్ర చుక్క ఉంది, అచ్చు తప్పో, ఎవరి పాన్ మరకో తెలియదు. కథ అంత గొప్పగా ఏమీ లేదు. రెండుసార్లు చదివాను.